కన్నబిడ్డల రక్తం సరిపడనప్పుడు

ఇంటి పెద్దలలో ఎవరికైనా పెద్ద శస్త్రచికిత్స తప్పదని తెలిసిన వెంటనే మన కుటుంబాలలో రెండు ప్రశ్నలు తలెత్తుతాయి. మొదటిది ఖర్చు గురించి, రెండవది రక్తం గురించి. “ఎన్ని సంచులు కావాలన్నారు? గ్రూపు ఏమిటి?” అంటూ బంధుమిత్రులందరికీ ఫోన్లు వెళ్తాయి. జుమా నమాజు తర్వాత మస్జిదులో ప్రకటన చేస్తారు. యువకులు పనులు మానుకుని బ్లడ్‌ బ్యాంకు ముందు వరుస కడతారు. ఇది మన సమాజంలో ఇంకా సజీవంగా ఉన్న సద్గుణం. అల్లాహ్‌ దానిని వర్ధిల్లజేయుగాక!

అయితే రక్తాన్ని ఎక్కడి నుండి తేవాలన్న ప్రశ్నకు ముందు, ఉన్న రక్తం పోకుండా ఎలా కాపాడుకోవాలన్న ప్రశ్న ఒకటి ఉన్నది. దానికి వైద్యశాస్త్రం వద్ద చక్కని సమాధానం ఉన్నదనీ, ఆ సమాధానం పేరు ‘ట్రానెక్జామిక్‌ ఆమ్లం’ అనీ మా తల్లిగారి తుంటికీలు మార్పిడి సందర్భంగా మాకు తెలిసింది. మేము వైద్యులము కాము. ఒక తల్లి సంతానంగా మేము విన్నవీ, అడిగి తెలుసుకున్నవీ, కళ్లారా చూసినవీ పాఠక సోదర సోదరీమణుల ముందు ఉంచుతున్నాము.

అరిగిన కీలు, దూరమైన సజ్దా

మా తల్లిగారి వయస్సు 67 సంవత్సరాలు. నాలుగేళ్లుగా ఆమె కుడి తుంటి అరిగిపోతూ వచ్చింది. తొడ ఎముక పైకొన బంతిలా ఉంటుంది. అది కటి ఎముకలోని గిన్నెవంటి గుంటలో తిరుగుతూ ఉంటుంది. ఆ రెండింటి మీద నున్నటి మృదులాస్థి పొర ఉన్నంతకాలం మనకు తుంటి అనేది ఒకటి ఉన్నదన్న స్పృహే ఉండదు. ఆ పొర అరిగి ఎముకకు ఎముక ఒరుసుకోవడం మొదలైతే మాత్రం, పడుకున్నా లేచినా అదొక్కటే జ్ఞాపకం ఉంటుంది.

మొదట ఆమె మెట్లు ఎక్కడం మానారు. తర్వాత కింద కూర్చుని కూరగాయలు తరగడం మానారు. చివరకు నమాజుకు కుర్చీ వేసుకోవలసి వచ్చింది. నిలబడలేనివాడు కూర్చుని, కూర్చోలేనివాడు పక్కకు ఒరిగి నమాజు చేయవచ్చునని దైవప్రవక్త (స) ఇమ్రాన్‌ బిన్‌ హుసైన్‌ (ర)కు బోధించిన సంగతి ఆమెకు తెలియనిది కాదు. అయినా, “నేలకు నుదురు ఆనించి ఎన్నాళ్లయిందో!” అని ఫజ్ర్‌ నమాజు ముగించి ఆమె అనుకునే మాట ఇంట్లో అందరికీ వినిపించేది. మాత్రలు పని చేయని దశ వచ్చింది. ఎక్స్‌రేలో బంతికీ గిన్నెకూ మధ్య ఖాళీయే కనిపించలేదు. కీలు మార్చవలసిందేనని గుంటూరులోని ఎముకల వైద్యులు చెప్పారు. ఆమెను అమితంగా బాధిస్తున్న నొప్పి పోతుందన్న ఆశతో మేమూ అంగీకరించాము.

బ్లడ్‌ బ్యాంకు నుండి వచ్చిన కబురు

మేము ఐదుగురం సంతానం. మాలో ముగ్గురిది తల్లిగారి గ్రూపే, బి పాజిటివ్‌. మన ప్రాంతంలో అది అరుదైనది కూడా కాదు. కనుక రక్తం విషయంలో మాకు ఎలాంటి చింతా లేదు. శస్త్రచికిత్సకు ముందు జరిపే పరీక్షల కోసం ఆమె రక్తపు నమూనాను పంపించాము. మరునాడు బ్లడ్‌ బ్యాంకు వైద్యురాలు స్వయంగా ఫోన్‌ చేసి, “మీ అమ్మగారికి ఇంతకు మునుపు ఎప్పుడైనా రక్తం ఎక్కించారా?” అని అడిగారు.

ఎక్కించారు. 1988లో మా చిట్టిచెల్లెలు పుట్టినప్పుడు, బిడ్డ బయటపడిన తర్వాత రక్తస్రావం ఆగలేదు. ఆ రాత్రి నాలుగు సంచుల రక్తం ఎక్కిస్తేగానీ ఆమె ప్రాణం నిలువలేదు. ఆ విషయం చెప్పగానే వైద్యురాలు పరిస్థితిని వివరించారు.

ఎ, బి, ఓ గ్రూపులూ, పాజిటివ్‌, నెగెటివ్‌లూ మనందరికీ తెలిసినవే. కానీ ఎర్రరక్తకణాల మీద ఇవి కాక ఇంకా ఎన్నో గుర్తులు ఉంటాయి. పరాయి రక్తం ఎక్కించినప్పుడుగానీ, గర్భంలోని బిడ్డ రక్తకణాలు తల్లి రక్తంలో కలిసినప్పుడుగానీ, తనలో లేని గుర్తును చూసి తల్లి శరీరం దానికి వ్యతిరేకంగా ప్రతిరక్షకాలను తయారు చేసుకోవచ్చు. అందరిలోనూ అలా జరగదు. మా తల్లిగారిలో జరిగింది. ముప్పై ఏళ్లు దాటినా ఆమె శరీరం ఆ పాత పరిచయాన్ని మరచిపోలేదు. ఫలితంగా, గ్రూపు కలిసిన ఎనిమిది సంచులతో సరిపోల్చి చూడగా ఒక్కటి మాత్రమే ఆమెకు సరిపడింది.

“మేము ముగ్గురం ఉన్నాము కదా డాక్టరమ్మా, కన్నబిడ్డలం. మా రక్తం తీసుకోండి” అన్నాము. ఆమె సౌమ్యంగానే చెప్పారు. తల్లిలో లేని గుర్తు బిడ్డకు తండ్రి నుండి వస్తుంది. ఆ ప్రతిరక్షకాలు బహుశా మాలో ఎవరి కారణంగానో పుట్టి ఉండవచ్చు. కనుక మా రక్తమే ఆమెకు అన్నిటికంటే తక్కువగా సరిపడే అవకాశం ఉన్నది. అదీగాక, రక్తసంబంధీకుల రక్తాన్ని రేడియేషన్‌తో శుద్ధి చేయకుండా ఎక్కిస్తే అరుదుగా ప్రాణాంతకమైన ప్రతిచర్య కలుగుతుంది. అందుచేత వైద్యులు మామూలుగా దానిని నివారిస్తారు.

తల్లి రక్తం పంచుకుని పుట్టామని చెప్పుకుంటాము. ఆ రక్తంలో ఒక్క సంచి కూడా తిరిగి ఇవ్వలేమని తెలిసిన ఆ సాయంత్రం మా ఇంట్లో ఎవరూ సరిగా భోజనం చేయలేదు.

ఇంట్లో రెండు అభిప్రాయాలు

తుంటికీలు మార్పిడిలో కంటికి కనిపించేదీ, కండరాల మధ్య కనిపించకుండా చేరేదీ కలిపితే రక్తనష్టం ఒక లీటరు వరకు, ఒక్కొక్కసారి అంతకుమించి కూడా ఉంటుందని తెలుసుకున్నాము. మా తల్లిగారి బరువు 58 కిలోలు. ఆమె శరీరంలో ఉండే మొత్తం రక్తమే నాలుగు లీటర్లకు కొంచెం తక్కువ. పైగా హిమోగ్లోబిన్‌ 9.6 మాత్రమే. చేతిలో ఉన్నది ఒకే ఒక్క సంచి.

“ఆపరేషన్‌ వద్దు. నొప్పితోనైనా మన మధ్య ఉంటారు” అన్నారు భాయీజాన్‌. “రాత్రంతా పక్కన పడుకుని ఆ మూలుగు వినేది నేను. వద్దనే మాట నా ముందు అనకండి” అన్నారు ఆపా. ఇద్దరి మాటలోనూ ఉన్నది ప్రేమే. అందుకే ఎవరికీ జవాబు చెప్పలేకపోయాము. తల్లిగారు మాత్రం, “వైద్యుడిని పూర్తిగా అడగండి బేటా. తర్వాత తవక్కుల్‌ చేద్దాము” అన్నారు.

మరుసటి వారం శస్త్రవైద్యులూ, మత్తు వైద్యులూ కలిసి మమ్మల్ని కూర్చోబెట్టి మాట్లాడారు. వారి ఆలోచనలో మూడు మెట్లు ఉన్నాయి. మొదటిది, శస్త్రచికిత్సను ఆరు వారాలు వాయిదా వేసి, నరం ద్వారా ఇనుము ఎక్కించి హిమోగ్లోబిన్‌ పెంచడం. రెండవది, శస్త్రచికిత్స సమయంలో ట్రానెక్జామిక్‌ ఆమ్లం ఇచ్చి రక్తనష్టాన్ని తగ్గించడం. మూడవది, సరిపడే రక్తం అత్యవసరానికి కనీసం రెండు సంచులు సిద్ధంగా ఉంచుకుని, నిజంగా అవసరమైతేనే ఎక్కించడం. రోగి సొంత రక్తాన్ని ఇలా ముందుగానే పెంచి, కాపాడి, పొదుపుగా చూసుకునే పద్ధతిని అన్ని దేశాలూ అవలంబించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ప్రత్యేకంగా పిలుపునిచ్చింది కూడా.

గండీ, ఇసుక బస్తాలూ

ఈ మందు ఎలా పని చేస్తుందని అడిగితే మత్తు వైద్యులు మనకు తెలిసిన ఉపమానంతోనే చెప్పారు. కాలువకు గండి పడితే రైతులు ఇసుక బస్తాలు వేసి పూడుస్తారు. రక్తనాళం తెగినప్పుడు శరీరం చేసే పని కూడా అదే. ఫైబ్రిన్‌ అనే సన్నని దారాలతో వల అల్లి, అందులో రక్తకణాలను బిగించి గండి పూడుస్తుంది. అదే రక్తపు గడ్డ. అయితే గండి మానిన తర్వాత బస్తాలు అక్కడే ఉండిపోతే కాలువ పారదు. అందుకని గడ్డను కరిగించే ఏర్పాటును కూడా సృష్టికర్త శరీరంలోనే ఉంచాడు. ప్లాస్మినోజెన్‌ అనే పదార్థం ఆ ఫైబ్రిన్‌ దారాలను పట్టుకుని, ప్లాస్మిన్‌గా మారి, వాటిని తుంపుతుంది.

పెద్ద శస్త్రచికిత్స జరిగినప్పుడు తొలి గంటలలో ఈ కరిగించే పని మామూలుకంటే ఉధృతమవుతుంది. ఒకవైపు బస్తాలు వేస్తూ ఉంటే మరొకవైపు ఎవరో లాగివేస్తున్నట్లు అవుతుంది. ప్లాస్మినోజెన్‌ దారాలను పట్టుకునే చోటు లైసిన్‌ అనే అమైనో ఆమ్లపు రూపానికి తగినట్లు ఉంటుంది. ట్రానెక్జామిక్‌ ఆమ్లం లైసిన్‌ను పోలిన పదార్థం. అది ముందుగా వెళ్లి ఆ చోటును ఆక్రమిస్తుంది. దానితో ప్లాస్మినోజెన్‌కు దారాలు చేజిక్కవు. గడ్డ నిలబడుతుంది. రెండు మూడు గంటలలో మందు ప్రభావం సగానికి తగ్గుతుంది. మూత్రపిండాల ద్వారా అది బయటికి వెళ్లిపోతుంది.

ఇక్కడే భాయీజాన్‌ ఆపారు. మా అబ్బాజాన్‌ మెదడు రక్తనాళంలో గడ్డ అడ్డుపడి, పక్షవాతంతో మరణించారు. గడ్డ అన్న మాట మా ఇంట్లో మామూలు మాట కాదు. “గడ్డ కరగకుండా చేసే మందు ఇస్తే, అది గుండెకో మెదడుకో చేరదా?” అని ఆయన అడిగారు.

వైద్యులు ఆ ప్రశ్నను తేలికగా తీసుకోలేదు. ఈ మందు కొత్తగా గడ్డలను పుట్టించదనీ, గాయం వద్ద ఏర్పడిన గడ్డను త్వరగా కరగనివ్వదనీ చెప్పారు. 2022లో వెలువడిన ఒక అంతర్జాతీయ పరిశోధనను ప్రస్తావించారు. గుండె శస్త్రచికిత్సలు కాక ఇతర శస్త్రచికిత్సలు చేయించుకున్న 9,535 మందిని అందులో పరిశీలించారు. తీవ్రమైన రక్తస్రావపు సంఘటనలు ఈ మందు పొందనివారిలో నూటికి 11.7 ఉండగా, పొందినవారిలో 9.1కి తగ్గాయి. గుండె, రక్తనాళాల సమస్యలు పొందినవారిలో 14.2, పొందనివారిలో 13.9. తేడా స్వల్పమే. అయినా, ముందుగా నిర్ణయించుకున్న కఠినమైన భద్రతా ప్రమాణాన్ని అది వెంట్రుకవాసిలో అందుకోలేకపోయిందన్న సంగతిని కూడా ఆయన దాచలేదు. తుంటి, మోకాలి మార్పిడులపై జరిగిన అనేక అధ్యయనాలలో మాత్రం గడ్డల సమస్య పెరిగినట్లు కనిపించలేదనీ, 2020 నాటి బ్రిటన్‌ జాతీయ మార్గదర్శకాలు తుంటి మార్పిడిలో ఈ మందు వాడాలనే సూచిస్తున్నాయనీ వివరించారు. లాభాన్నీ, సందేహాన్నీ రెండింటినీ మా ముందు ఉంచిన తర్వాతే భాయీజాన్‌ మనసు కుదుటపడింది.

ఈ మందు కనుగొన్న తల్లి

ఇంటికి వచ్చిన తర్వాత ఈ మందు చరిత్రను వెతికి చదివాము. అది మమ్మల్ని మందు గురించిన ఆలోచన నుండి మరొక లోతైన ఆలోచనకు తీసుకువెళ్లింది.

దీనిని కనుగొన్నవారు జపాను దేశానికి చెందిన ఉటాకో ఒకామోటో, ఆమె భర్త షొసుకే ఒకామోటో. 1918లో జన్మించిన ఉటాకో, రెండవ ప్రపంచయుద్ధం తర్వాత టోక్యోలోని కెయో విశ్వవిద్యాలయంలో భర్తతో కలిసి పరిశోధన ప్రారంభించారు. యుద్ధంలో చితికిపోయిన దేశంలో ప్రయోగాలకు నిధులు లేవు. రక్తం మీద పరిశోధనైతే ఖర్చు తక్కువ, చాలకపోతే తమ రక్తమే తీసుకోవచ్చునన్న ఆలోచనతో ఆ దంపతులు ఈ రంగాన్ని ఎంచుకున్నారు. బిడ్డను చూసుకునేవారు లేక, ఉటాకో పసిపాపను వీపున కట్టుకుని ప్రయోగశాలలో పని చేశారు. స్త్రీ అయినందుకు శాస్త్రవేత్తల సభలో ఎగతాళిని కూడా భరించారు.

లైసిన్‌కు గడ్డ కరగడాన్ని ఆపే గుణం కొంచెంగా ఉన్నదని మొదట గమనించి, దానిని పోలిన పదార్థాలను ఒక్కొక్కటిగా పరీక్షించారు. చివరకు, అంతకుముందు తామే గుర్తించిన పదార్థంకంటే 27 రెట్లు శక్తిమంతమైన ట్రానెక్జామిక్‌ ఆమ్లాన్ని 1962లో ప్రపంచానికి తెలియజేశారు. ఆశ్చర్యమేమిటంటే, అదే 1962 నవంబరులో ఇంగ్లండులోని రైటింగ్టన్‌ ఆసుపత్రిలో జాన్‌ చార్న్‌లీ అనే వైద్యుడు గట్టి పాలిథిలీన్‌ గిన్నెతో తొలి ఆధునిక తుంటికీలును అమర్చాడు. కీలుకు వాడే పదార్థాలు శరీరానికి సరిపడతాయో లేదో చూడడానికి ఆయన వాటిని తన తొడలోనే పెట్టుకుని పరీక్షించుకున్నాడు. ఒకరు తమ రక్తంతో, మరొకరు తన మాంసంతో చేసిన ఆ రెండు పరిశోధనలూ కొన్ని దశాబ్దాల తర్వాత ఒకే శస్త్రచికిత్స బల్ల మీద కలుసుకున్నాయి.

ఉటాకో అసలు లక్ష్యం మాత్రం తుంటి కాదు. ప్రసవం తర్వాత రక్తస్రావంతో మరణిస్తున్న తల్లులను కాపాడాలన్నదే ఆమె ఆకాంక్ష. కోబె నగరంలోని ప్రసూతి వైద్యులను పరీక్షించి చూడమని కోరినా వారు ముందుకు రాలేదు. దశాబ్దాలు గడిచిపోయాయి. ఈలోగా ఆ మందు దంతవైద్యంలోనూ, బహిష్టు సమయపు అధిక రక్తస్రావంలోనూ, తర్వాత కీళ్ల మార్పిడిలోనూ వాడుకలోకి వచ్చింది. 2010లో 40 దేశాలలో ఇరవై వేలమందికి పైగా క్షతగాత్రులపై జరిగిన పరిశోధన, ప్రమాదాలలో గాయపడినవారి ప్రాణాలను అది కాపాడుతుందని నిరూపించింది. ఆ తర్వాత 21 దేశాలలో 20,060 మంది బాలింతలపై మరొక పరిశోధన జరిగింది. ప్రసవమైన మూడు గంటలలోపు ఈ మందు ఇస్తే రక్తస్రావపు మరణాలు దాదాపు మూడవ వంతు తగ్గుతాయని 2017 ఏప్రిల్‌లో తేలింది. ఆ ఫలితం వెలువడడానికి ఏడాది ముందే, 2016 ఏప్రిల్‌లో ఉటాకో ఒకామోటో తన 98వ ఏట కన్నుమూశారు.

ఇది చదివినప్పుడు మాకు మా ఖాలా గుర్తుకు వచ్చారు. ఆమె మా తల్లిగారికి స్వయానా చెల్లెలు. 1979లో తొలి కాన్పులో, ఇరవై ఏళ్ల వయసులో, రక్తస్రావంతోనే అల్లాహ్‌ సన్నిధికి చేరుకున్నారు. అప్పటికి ఈ మందు పుట్టి 17 సంవత్సరాలు. తొమ్మిదేళ్ల తర్వాత మా తల్లిగారు కూడా అదే అంచు వరకు వెళ్లి వచ్చారు. ప్రసవవేదనలో మరణించిన విశ్వాసినికి షహీదు హోదా లభిస్తుందన్న ప్రవక్త (స) శుభవార్త మా నానీకి జీవితాంతం ఓదార్పునిచ్చింది. ఆ ఓదార్పు విలువ మాకు తెలుసు. కానీ మరణించినవారికి అల్లాహ్‌ ఇచ్చే గౌరవం వేరు, బ్రతికించగలిగే మార్గాన్ని వెతకవలసిన మన బాధ్యత వేరు. ఒక ప్రాణాన్ని కాపాడడం సమస్త మానవాళిని కాపాడడంతో సమానమని దివ్యఖుర్‌ఆన్‌ బోధించింది ఆ బాధ్యతనే.

హలాల్‌ ప్రశ్న

“మందు దేనితో చేస్తారు?” అని తల్లిగారు అడిగారు. ట్రానెక్జామిక్‌ ఆమ్లం పూర్తిగా కర్మాగారంలో రసాయనిక విధానంలో తయారయ్యేది. జంతువుల నుండి తీసినది కాదు.

అయితే శస్త్రచికిత్స తర్వాత మరొక మందు వస్తుంది. తుంటి మార్పిడి జరిగినవారికి కాళ్ల సిరలలో గడ్డలు కట్టకుండా కొన్ని వారాలపాటు రక్తాన్ని పలుచన చేసే మందు ఇస్తారు. తొలి గంటలలో గాయం వద్ద గడ్డను నిలబెట్టడం, తర్వాతి వారాలలో సిరలలో గడ్డ కట్టకుండా చూడడం, ఈ రెండూ పరస్పర విరుద్ధంగా తోచినా, వేళకు తగిన రెండు జాగ్రత్తలు మాత్రమే. పొట్ట మీద ఇచ్చే హెపారిన్‌ తరహా సూదిమందులు సాధారణంగా పంది పేగుల పొర నుండి తయారవుతాయి. మాకు ఆ సంగతి వైద్యులే చెప్పి, ప్రత్యామ్నాయంగా రివరాక్సబాన్‌ అనే మాత్రలు 35 రోజులకు వ్రాశారు. ప్రత్యామ్నాయం లేనిచోట, ప్రాణరక్షణ కోసం అలాంటి మందునైనా వాడవచ్చునని ధర్మవేత్తలు అవసరపు సూత్రాన్ని బట్టి చెబుతారు. అయితే ప్రత్యామ్నాయం ఉన్నదా అని అడగడం మన హక్కు. ముందే అడిగితే వైద్యులకూ ఆలోచించే వ్యవధి ఉంటుంది. శస్త్రచికిత్స ముగిసిన రాత్రి నర్సు సూదితో వచ్చినప్పుడు వాదించడం ఎవరికీ మేలు చేయదు.

ఆ రోజు

ఆరు వారాలలో రెండు విడతలుగా ఎక్కించిన ఇనుముతో హిమోగ్లోబిన్‌ 12.1కి చేరింది. మరొక సరిపడే సంచి కూడా దొరికింది. దాత ఎవరో మాకు తెలియదు.

మత్తు వైద్యులు మూత్రపిండాల పరీక్ష మరోసారి చూశారు. మూర్ఛలు ఎప్పుడైనా వచ్చాయా, కాళ్లలోగానీ ఊపిరితిత్తులలోగానీ ఎప్పుడైనా గడ్డ కట్టిందా అని అడిగారు. ఏదీ లేదు. వెన్నులో ఇచ్చే మత్తుమందును, ఈ మందును ఒకే పళ్లెంలో ఉంచబోమని ఆయన ప్రత్యేకంగా చెప్పారు. రెండింటి గాజు బుడ్లూ చూడడానికి ఒకేలా ఉండడం వల్ల కొన్ని దేశాలలో ఇది పొరపాటున వెన్నులోకి వెళ్లి ప్రాణాపాయాలు సంభవించాయి. అందుకని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆసుపత్రులను హెచ్చరించింది. ఈ మాట మాకు భయం కలిగించలేదు. ప్రమాదం ఎక్కడ ఉన్నదో తెలిసిన మనిషి చేతిలో ఉన్నామన్న ధైర్యం కలిగించింది.

కోత పెట్టడానికి ముందు ఒక గ్రాము మందును నరం ద్వారా నెమ్మదిగా ఎక్కించారు. మూడు గంటల తర్వాత మరొక గ్రాము ఇచ్చారు. కొన్నిచోట్ల ఇదే మందును నేరుగా కీలులో పోస్తారట, మరికొన్నిచోట్ల మాత్రల రూపంలో ముందే ఇస్తారట. మేము బయట బల్ల మీద కూర్చుని యాసీన్‌ సూరా పారాయణం చేస్తున్నాము. రెండు గంటల తర్వాత శస్త్రవైద్యులు బయటికి వచ్చి, “ఎక్కించవలసిన అవసరం రాలేదు” అని ఒకే మాట అన్నారు. భాయీజాన్‌ అక్కడే, ఆ వరండా నేలమీదే, సజ్దాలో పడిపోయారు.

మూడవ రోజు హిమోగ్లోబిన్‌ 10.2. సిద్ధం చేసిన రెండు సంచులూ ఆమె కోసం తెరవవలసిన అవసరమే రాలేదు. బ్లడ్‌ బ్యాంకు వైద్యురాలికి ఆ మాట చెప్పి, వాటిని వేరేవారికి కేటాయించమన్నాము. మర్నాడే అవి వినియోగపడ్డాయని తెలిసింది. తాను పొందకుండానే మా తల్లిగారు ఇద్దరికి ఇచ్చినట్లయిందని ఆపా అన్నారు.

కుర్చీ మీద షుకర్‌

రెండవ రోజునే ఆమెను వాకర్‌ పట్టించి నడిపించారు. రక్తం ఎక్కువగా కోల్పోనివారు త్వరగా లేచి నడవగలుగుతారనీ, కళ్లు తిరగడం తక్కువనీ ఫిజియోథెరపీ చెల్లెమ్మ చెప్పింది. వెనుకవైపు నుండి కీలును అమర్చినందువల్ల, తొలి మూడు నెలలు తుంటిని లంబకోణం దాటి వంచరాదు. కాలు మీద కాలు వేయరాదు. కింద కూర్చోరాదు. ఎత్తు కమోడ్‌ వాడాలి. సజ్దా విషయం మా తల్లిగారు తామే అడిగారు. “ప్రస్తుతానికి కుర్చీ మీదే అమ్మా. నేలమీద సజ్దా సంగతి మూడు నెలల తర్వాత కీలును పరీక్షించి చెబుతాను. తొందరపడితే కీలు జారుతుంది” అన్నారు వైద్యులు.

ఆమె తల ఊపి ఊరుకున్నారు. ఇప్పటికీ ఆమె కుర్చీ మీదే నమాజు చేస్తున్నారు. నేలమీది సజ్దాకు పూర్తి అనుమతి ఇంకా రాలేదు. ఎప్పటికి వస్తుందో, వస్తుందో రాదో కూడా చెప్పలేము. కానీ ఇప్పుడు సలాం చెప్పిన తర్వాత మూలుగు వినిపించదు. రాత్రి నిద్ర ఉన్నది. తహజ్జుద్‌కు ఎవరి సాయమూ లేకుండా లేస్తున్నారు. అల్హమ్దులిల్లాహ్‌.

పాఠకులకు మా విన్నపం

మీ ఇంట్లో తుంటిగానీ మోకాలుగానీ మార్చవలసి వస్తే, తేదీ నిర్ణయించుకోక ముందే హిమోగ్లోబిన్‌ పరీక్ష చేయించండి. తక్కువగా ఉంటే పెంచుకోవడానికి వారాలు పడుతుంది. ఆ వ్యవధిని శస్త్రచికిత్సకు ముందే కేటాయించండి. ఆడవారి విషయంలో ఎన్ని కాన్పులు, ఎన్ని గర్భస్రావాలు, ఎప్పుడెప్పుడు రక్తం ఎక్కించారు అన్నది వ్రాసి తీసుకువెళ్లండి. నలభై ఏళ్ల నాటిదైనా చెప్పండి. ప్రతిరక్షకాల పరీక్షను కూడా ముందే చేయమని అడగండి.

రక్తనష్టాన్ని తగ్గించే మందు వాడతారా అని వైద్యులను మర్యాదగా అడగండి. గుండెలో స్టెంటు, పక్షవాతం, కాలి సిరల గడ్డ, మూర్ఛ, మూత్రపిండాల జబ్బు ఉంటే దాచవద్దు. కొందరికి ఈ మందు ఇవ్వకూడదు, కొందరికి మోతాదు తగ్గించాలి. ఆ నిర్ణయం వైద్యులదే. యాస్పిరిన్‌, క్లోపిడోగ్రెల్‌ వంటివి వాడుతూ ఉంటే వాటిని మీ అంతట మీరు ఆపవద్దు. బహిష్టు సమస్యకు వ్రాసిన ట్రానెక్జామిక్‌ మాత్రలు ఇంట్లో మిగిలి ఉంటే వాటిని మరొకరికి ఇవ్వవద్దు. ఈ మందు ఖరీదైనది కాదు. అడగడానికి సంకోచించవలసిన అవసరమూ లేదు. మన ఆడబిడ్డల కాన్పు సమయంలో ఆసుపత్రిలో ఈ మందు అందుబాటులో ఉన్నదా అని కూడా ముందుగానే తెలుసుకోండి. దానికి గడువు మూడు గంటలే.

ఇదంతా చదివి, ఇక రక్తదానం అక్కరలేదని ఎవరూ భావించరాదు. తలసీమియా పసివారికీ, ప్రమాద బాధితులకూ, కాన్పు కష్టమైన తల్లులకూ దానికి ప్రత్యామ్నాయం లేదు. ముఖం తెలియని ఒక దాత ఇచ్చిన సంచి దొరికిన తర్వాతే మా తల్లిగారిని శస్త్రచికిత్సకు పంపే ధైర్యం మాకు కలిగింది. దానికి కృతజ్ఞతగా మాలో రక్తం ఇవ్వగల నలుగురమూ ప్రతి నాలుగు నెలలకొకసారి బ్లడ్‌ బ్యాంకుకు వెళ్తున్నాము. మా రక్తం మా తల్లిగారికి సరిపడదు. మరెవరి తల్లికో సరిపడుతుంది.

ప్రతి వ్యాధికీ అల్లాహ్‌ చికిత్సను సృష్టించాడని దైవప్రవక్త (స) తెలియజేశారు. ఆ చికిత్స ఎవరి చేతి మీదుగా, ఏ దేశం నుండి, ఎంత ఆలస్యంగా వస్తుందో మనకు తెలియదు. వచ్చినదానిని తెలుసుకోవడం, తెలుసుకున్నదానిని ఇరుగుపొరుగుకు చెప్పడం మాత్రం మన చేతిలో ఉన్నది. రోగులందరికీ అల్లాహ్‌ స్వస్థత ప్రసాదించుగాక! ఆమీన్‌.